కరువంతా వెలుతురుకే: ఈయూవీ లితోగ్రఫీ గురించి

(తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సభలో చేసిన ప్రసంగం. మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు తీసేసి, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్ని కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినపడుతోందా? సరే. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, మైకులో నా గొంతు కంటే గాలి చప్పుడే ఎక్కువగా వస్తోంది.

ఆహ్వాన పత్రికలో నా విషయం "చిన్న చిప్పులు, పెద్ద భవిష్యత్తు" అని వేశారు. భవిష్యత్తు సంగతి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను లితో గదుల్లో పనిచేసినవాణ్ణి. చిప్పు మీద బొమ్మ దించే వెలుతురు గురించి కొంచెం తెలుసు, అంతవరకే మాట్లాడతాను. పేపర్లో ఈయూవీ గురించి, అంటే చాలా పొట్టి అల ఉన్న అతినీలలోహిత వెలుతురుతో చిప్పులు వేసే పద్ధతి గురించి, వార్త వచ్చిందంటే రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. ఇది ప్రపంచంలోకెల్లా సంక్లిష్టమైన యంత్రం అని, దీన్ని ఒకే ఒక్క కంపెనీ, నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్, చేస్తుందని. రెండూ నిజమే. కానీ అసలు చిక్కు ఎక్కడుందో వాటివల్ల తెలీదు. నన్నడిగితే ఈ కథంతా వెలుతురు చాలకపోవడం కథ. అల పొట్టిదైతే గీత సన్నగా పడుతుందని అందరికీ ముందునుంచీ తెలుసు. అంత పొట్టి అల ఉన్న వెలుతురును చాలినంత పుట్టించాలి, పుట్టిందాన్ని దారిలో పోనీకుండా కాపాడుకోవాలి, చివరికి మిగిలిన కాస్తతోనే పని ముగించాలి. బాధంతా అక్కడుంది.

శ్రీకాళహస్తి మనకు పక్కనే కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెడతాను. కాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు వెదురు కలం రంగులో ముంచి గీత గీతా చేత్తో వేస్తారు. పెడనలో దారి వేరు. చెక్క అచ్చు మీద బొమ్మ చెక్కి, రంగు అద్ది, గుడ్డ మీద ఒక్క వేటున దించుతారు. చిప్పుల పనిలో ఈ రెండు దారులూ ఉన్నాయి. ఎలక్ట్రాన్ల కిరణంతో గీత గీతా రాయడం మొదటిది. దాంతో ఎంత సన్నటి గీతైనా పడుతుంది. ఎప్పటినుంచో వేస్తున్నారు కూడా. కాకపోతే ఒక్క వేఫర్, అంటే చిప్పులు వేసే సిలికాన్ పళ్లెం, నింపడానికి గంటలు కాదు, రోజులు పట్టొచ్చు. ఫ్యాక్టరీకి అది కుదరదు. అందుకని ఆ ఎలక్ట్రాన్ కలంతో మాస్క్ అనే అచ్చును ఒకసారి రాసిపెట్టుకుంటారు. ఆ తర్వాత వెలుతురుతో ఆ బొమ్మను వేల వేఫర్ల మీద దించుకుంటూ పోతారు. లితోగ్రఫీ అంటే ఇదే, పెడన పద్ధతి.

కాళహస్తి వాళ్ల దగ్గర ఇంకో సంగతి ఉంది. గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. రంగు వేయకముందు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఆ పని చేయకపోతే ఎంత మంచి చేయైనా గీత ఊరిపోతుంది.

ఇక్కడ గుడ్డ స్థానంలో వేఫర్ ఉంటుంది. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న సిలికాన్ పళ్లెం, ముక్కాలు మిల్లీమీటరు మందం, బరువు 130 గ్రాములు కూడా ఉండదు. దాని మీద రెసిస్ట్ అనే మందును పలుచగా పూస్తారు. వెలుతురు తగిలిన చోట ఆ మందు రసాయనం మారుతుంది. కడిగితే ఒక భాగం పోతుంది, ఒక భాగం ఉంటుంది. పోయిన చోట కింది పొరను చెక్కుతారు. ఒక మంచి చిప్పుకు ఇలా పదుల పొరలు ఒకదాని మీద ఒకటి వేయాలి. అవి ఒకదానితో ఒకటి ఒక నానోమీటరు, మహా అయితే రెండు నానోమీటర్ల తేడాలో కుదరాలి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఆ గదిలో లైట్లన్నీ పసుపు పచ్చగా ఉంటాయి, ఎందుకంటే రెసిస్ట్‌కు నీలం, అతినీలలోహిత వెలుతురు పడదు. పొద్దస్తమానం ఆ పసుపులో ఉండి బయటికొస్తే ఆకాశం మరీ నీలంగా కనిపిస్తుంది, కాసేపు కళ్లు నమ్మవు.

ఇప్పుడు సూత్రం. బోర్డు మీద రాయను, ఒక్క వాక్యమే. ఎంత సన్నటి గీత వేయగలమంటే, అల పొడవును లెన్స్ ఎంత విశాలంగా వెలుతురు పోగుచేస్తుందో ఆ సంఖ్యతో భాగించి, కె1 అనే ఒక గుణకంతో హెచ్చించాలి. విశాలత సంఖ్యను ఎన్ఏ అంటారు. కె1ని ఎన్ని తంటాలు పడినా 0.25 కిందికి దించలేం, భౌతికశాస్త్రం ఒప్పుకోదు. ఈ నియమం చిప్పులకే అనుకోకండి. మన గాదంకిలో వాతావరణాన్ని చూసే రాడార్ ఉంది కదా, ఎంతమంది చూశారు? చాలామందే చూశారు. అది 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అంటే అల అయిదున్నర మీటర్ల పైనే. అంత పొడుగు అలను ఒక సన్నటి కిరణంగా పైకి పంపాలంటే 1,024 యాంటెన్నాలు, ఒక్కో వైపు 130 మీటర్ల మైదానం కావలసి వచ్చాయి. అంత చేసినా కిరణం వెడల్పు మూడు డిగ్రీల దాకా ఉంటుంది. అల పొడవు, దాన్ని పట్టే వెడల్పు, ఈ రెండింటి నిష్పత్తి మీదే ఆటంతా. గాదంకిలోనైనా, చిప్పుల యంత్రాలు చేసే నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లోనైనా లెక్క ఒకటే.

చిప్పుల వాళ్లు అలను మెట్టు మెట్టుగా తగ్గించుకుంటూ వచ్చారు. 365 నానోమీటర్లు, తర్వాత 248, తర్వాత 193. ఆపైన 157కు వెళ్లాలని చాలా డబ్బు, కాలం ఖర్చుపెట్టారు. దానికి మామూలు గాజు పనికిరాదు, కాల్షియం ఫ్లోరైడ్ లెన్సులు కావాలి. అవి సతాయించాయి. ఈలోగా తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీలో బర్న్ లిన్ అనే ఆయన 2002లో ఒక మాటన్నాడు. 157 వద్దు, 193నే ఉంచి, లెన్స్‌కు వేఫర్‌కు మధ్య నీళ్లు పెట్టండి అని. నీళ్లలో ఆ వెలుతురు వక్రీభవన గుణకం 1.44. అంటే నీళ్లలో 193 అల 134కు కుదించుకుపోతుంది. మామూలు నీళ్లు! శుద్ధి చేసినవనుకోండి. దాంతో 157 పథకం మూలపడింది, ఎన్ఏ 1.35 దాకా ఎక్కింది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఏదంటే ఇదే చెప్తాను, ఈయూవీ కాదు.

కానీ నీళ్లకూ ఒక హద్దుంది. 193తో ఒకే దెబ్బలో వేయగల గీత 40 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంతకంటే సన్నం కావాలంటే ఒకే పొరను రెండు సార్లు, నాలుగు సార్లు వేరువేరు మాస్కులతో వేయాలి. పెడనలో రంగు రంగుకూ ఒక అచ్చు వేసినట్టు, ఇక్కడ ఒకే రంగుకు నాలుగు అచ్చులు. ప్రతిసారీ కుదరాలి, ప్రతిసారీ కడగాలి, చెక్కాలి, కొలవాలి. ఖర్చు పెరుగుతుంది, తప్పు పడే చోట్లు పెరుగుతాయి. అప్పుడు అందరూ మళ్లీ ఈయూవీ వైపు తిరిగారు. అల పొడవు 13.5 నానోమీటర్లు. 193లో పద్నాలుగో వంతు.

మళ్లీ అని ఎందుకన్నానంటే ఈ ఆలోచన కొత్తదేం కాదు. జపాన్‌లో ఎన్టీటీ సంస్థలో హిరో కినోషిటా అనే ఆయన 1986లోనే, ఎక్స్‌రే లాంటి మెత్తటి కిరణాన్ని అద్దాల మీద తిప్పి బొమ్మ వేశానని సభలో చూపించాడు. విన్నవాళ్లు నమ్మలేదు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. ఆ అల దగ్గర ప్రతి వస్తువూ వెలుతురును మింగేస్తుంది. గాజు మింగుతుంది, నీళ్లు మింగుతాయి, గాలి కూడా మింగుతుంది. లెన్స్ అన్న మాటే లేదు. మొత్తం యంత్రం శూన్యంలో ఉండాలి, అన్నీ అద్దాలే కావాలి. ఆ అద్దాలు కూడా మామూలు అద్దాలు కావు. మాలిబ్డినం ఒక పొర, సిలికాన్ ఒక పొర, జంట కలిపి ఏడు నానోమీటర్లు. అలాంటి జంటలు నలభై యాభై పేరుస్తారు. ఒక్కో పొర కొంచెం కొంచెం వెనక్కి పంపుతుంది, అన్నీ ఒకే తాళంలో కలిస్తే పడ్డ వెలుతురులో డెబ్బై శాతం తిరిగొస్తుంది. అంతకుమించి రాదు.

డెబ్బై శాతమంటే బాగానే ఉంది అనిపిస్తుంది కదా? ఇక్కడే లెక్క తిరగబడుతుంది. వెలుతురు పుట్టిన చోటునుంచి వేఫర్ దాకా పది, పదకొండు సార్లు అద్దం మీద తగిలి తిరగాలి. మాస్క్ కూడా ఒక అద్దమే, దాని గుండా వెలుతురు పోదు, దాని మీద తగిలి వస్తుంది. 0.7ని పదకొండు సార్లు హెచ్చించండి. ఎవరన్నా చెప్పండి. అవును, 0.02. వందకు రెండు. తక్కిన తొంభై ఎనిమిది అద్దాలను వేడెక్కించడానికి పోయింది. అద్దాలు వేడెక్కితే ఆకారం మారుతుంది, ఆకారం మారితే బొమ్మ చెదురుతుంది, దానికి మళ్లీ చల్లబరిచే ఏర్పాటు. ఈ అద్దాలు చేసేది జర్మనీలోని జైస్ కంపెనీ. ఎంత నున్నగా ఉంటాయో వాళ్లే ఒక లెక్క చెప్తారు. అద్దాన్ని జర్మనీ దేశమంత పెద్దది చేస్తే, దాని మీద అన్నింటికంటే ఎత్తైన మిట్ట మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందట.

సరే, వందకు రెండే చేరుతుందంటే మొదట్లోనే బోలెడు పుట్టించాలి. 13.5 నానోమీటర్ల వెలుతురునిచ్చే బల్బు ఏదీ లేదు. తగరం ఉంది. మన పాత్రలకు కళాయి పోస్తారే, అదే తగరం. దాన్ని 232 డిగ్రీల పైన కరిగించి, సన్నటి ముక్కు గుండా చుక్కలుగా వదులుతారు. ఒక్కో చుక్క 25 నుంచి 30 మైక్రాన్లు. సెకనుకు 50,000 చుక్కలు. ఎగిరిపోతున్న ప్రతి చుక్కనూ లేజర్ రెండు సార్లు కొడుతుంది. మొదటి దెబ్బ మెల్లగా, చుక్క చపాతీలా పరుచుకోవడానికి. రెండో దెబ్బ అసలైనది. ఆ దెబ్బకు తగరం రెండు లక్షల డిగ్రీల వేడి ప్లాస్మా అయిపోయి ఈయూవీ వెదజల్లుతుంది. సెకనుకు యాభై వేల సార్లు ఇదంతా తప్పిపోకుండా జరగాలి. లేజర్లు చేసేది జర్మనీలోనే ట్రంఫ్ అనే కంపెనీ. ఈ వెలుతురు మూలాన్ని రూపొందించిన సైమర్ కంపెనీని ఏఎస్ఎంఎల్ 2013లో కొనేసింది.

ఈ వ్యవహారం ఎంత ఆలస్యమైందో వింటే మీకు నవ్వొస్తుంది. 1997లో ఇంటెల్ ముందుండి, అమెరికా జాతీయ ప్రయోగశాలలతో కలిసి పెద్ద పథకం మొదలుపెట్టింది. 2006లో మొదటి ప్రయోగ యంత్రాలు బయటికొచ్చాయి. 2010లో తయారీకి దగ్గరి నమూనా వచ్చింది. ఏటా "వచ్చే ఏడాది, ఆపై ఏడాది" అనే మాటే. ఎందుకు? అద్దాలు సిద్ధం, వేఫర్ మీద బొమ్మ దించే స్కానర్ సిద్ధం. వెలుతురు లేదు. ఫ్యాక్టరీకి కావలసింది 250 వాట్లు. 2010 ప్రాంతంలో పది వాట్లు దాటడమే గగనం. పది వాట్లతో గంటకు నాలుగైదు వేఫర్లు అవుతాయి, కానీ ఫ్యాబ్, అంటే చిప్పుల ఫ్యాక్టరీ, నడవాలంటే గంటకు వందకు పైన కావాలి. 2012లో ఇంటెల్, టీఎస్ఎంసీ, శాంసంగ్ మూడూ ఏఎస్ఎంఎల్‌లో వాటాలు కొని డబ్బు పెట్టాయి. బద్ధశత్రువులు ఒకే కంపెనీకి పెట్టుబడి పెట్టడం! అంత అవసరం పడింది. 250 వాట్లు 2017లో చూపించగలిగారు. 2018లో శాంసంగ్, 2019లో టీఎస్ఎంసీ ఈయూవీతో 7 నానోమీటర్ల చిప్పులు తయారీలోకి తెచ్చాయి. 2020లో వచ్చిన ఐఫోన్ 12లోని 5 నానోమీటర్ల చిప్పు ఈయూవీదే.

ఈ 7, 5, 3 అనే అంకెల గురించి ఒక మాట, పరీక్షలో కాకపోయినా ఇంటర్వ్యూలో పనికొస్తుంది. 3 నానోమీటర్ల చిప్పులో 3 నానోమీటర్లున్నది ఏదీ లేదు. ఒక తీగ నుంచి పక్క తీగకు దూరం ఇరవై నానోమీటర్ల పైచిలుకు ఉంటుంది. అవి మార్కెట్ పేర్లు. ఎవరైనా మూడు నానోమీటర్ల గీత గీస్తున్నాం అంటే తల ఊపి ఊరుకోండి.

తగరంతో ఇంకో పేచీ ఉంది. వెలుతురు ఇచ్చాక అది ఎక్కడికి పోతుంది? ఎదురుగా ఉన్న అద్దం మీదికే. అన్నిటికంటే ఖరీదైన, అన్నిటికంటే నున్నటి అద్దం మీద తగరం కళాయి పడుతుంది. సన్నటి పొర పడినా వెలుతురు తగ్గిపోతుంది. అందుకని లోపల కొద్దిగా హైడ్రోజన్ ఉంచుతారు. ఈయూవీ తగిలి హైడ్రోజన్ అణువులు విడిపోయి, తగరంతో కలిసి స్టానేన్ అనే వాయువు అవుతుంది. దాన్ని పంపు లాగేస్తుంది. అద్దం తనను తాను కడుక్కుంటుందన్నమాట. బాగా పనిచేస్తుంది గానీ పూర్తిగా కాదు. ఆ అద్దాన్ని ఎప్పటికప్పుడు మార్చాల్సిందే.

మొత్తం లెక్క ఒకసారి చూడండి. యంత్రం కరెంటు తినేది ఒక మెగావాటు చుట్టుపక్కల. మూలం దగ్గర పుట్టి లోపలికి పోయే ఈయూవీ 250 వాట్లు. వేఫర్ మీద పడేది ఐదు వాట్లకు మించదు. ఇంట్లో చిన్న ఎల్ఈడీ బల్బు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న చోటికి వచ్చాను. పవర్ సాధించాక కథ అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఒకరోజు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో చూస్తున్నాం. వరసగా గుండ్రటి రంధ్రాలు, అన్నీ ఒకే సైజు, పొందిగ్గా ఉన్నాయి. మధ్యలో ఒకటి లేదు. అసలు తెరుచుకోలేదు. మాస్క్ మీద దుమ్ము పడిందేమో అనుకుంటారు ఎవరైనా. అదే మాస్క్‌తో ఇంకో వేఫర్ వేసి చూస్తే ఆ చోటి రంధ్రం చక్కగా ఉంది, వేరే ఎక్కడో ఇంకోటి మూసుకుపోయింది. మాస్క్ తప్పయితే అదే చోట మళ్లీ రావాలి. ఇది ప్రతిసారీ చోటు మారుస్తోంది. దుమ్ము కాదు, యంత్రం కాదు, మనిషి కాదు. చూస్తూ కూర్చున్నవాళ్లకు టెన్షన్.

కారణం ఫోటాన్ల లెక్కలో, అంటే వెలుతురు రేణువుల లెక్కలో ఉంది. 193 దగ్గర ఒక్క ఫోటాన్ శక్తి 6.4 ఎలక్ట్రాన్ వోల్టులు. 13.5 దగ్గర 92. అంటే ఒకే మోతాదు శక్తి వేస్తే ఈయూవీలో ఫోటాన్లు పద్నాలుగో వంతే ఉంటాయి. చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీజౌళ్ల మోతాదు వేశామనుకోండి. 193లో చదరపు నానోమీటరుకు 290 ఫోటాన్లు వస్తే, ఈయూవీలో 20 వస్తాయి. పది నానోమీటర్లకు పది నానోమీటర్ల చోట రెండు వేలు. అందులో రెసిస్ట్ పట్టుకునేది సుమారు ఐదో వంతు. నాలుగు వందలు. వాన చినుకులు ఎలా సమానంగా పడవో ఇవీ అలాగే పడవు, కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. ఆ తేడా ఎంతుంటుందంటే నాలుగు వందల వర్గమూలమంత, ఇరవై. ఐదు శాతం. దాని మీద రసాయనం తెచ్చే చెల్లాచెదురు వేరే. ఒక రంధ్రానికి ఇదేమంత పెద్ద తేడా కాదు. కానీ ఒక చిప్పు మీద రంధ్రాలు వందల కోట్లు. వంద కోట్లలో ఒక్కటి మూసుకుపోయినా చిప్పు పోతుంది. దీన్నే స్టొకాస్టిక్ లోపాలు అంటారు. అదృష్టం లోపాలు అని మేం నవ్వుకునేవాళ్లం, నవ్వొచ్చి కాదు.

దీనికి మందు తేలిక. మోతాదు పెంచండి, ఫోటాన్లు పెరుగుతాయి. పెంచితే? ఒక్కో వేఫర్‌కు ఎక్కువసేపు పడుతుంది. గంటకు వేఫర్లు తగ్గుతాయి. ఇరవై కోట్ల డాలర్లకు అటూ ఇటూ ఖరీదున్న యంత్రం నెమ్మదిగా నడుస్తుంది. మళ్లీ వెలుతురు కరువే, వేషం మార్చుకుని వచ్చింది. ఏఎస్ఎంఎల్ ఒక యంత్రంలో 30 మిల్లీజౌళ్ల దగ్గర గంటకు 160 వేఫర్లు ఇస్తే, దాని తర్వాతి యంత్రం 220 ఇస్తుంది. ఆ అరవై ఎలా వచ్చాయనుకున్నారు? ముఖ్యంగా మూలం పవర్ పెంచడం వల్లే.

రెండో దారి రెసిస్ట్. వచ్చిన ఫోటాన్లలో ఎక్కువ పట్టుకునే మందు కావాలి. పాత రెసిస్టులు ఐబీఎంలో 1980ల మొదట్లో పుట్టిన పద్ధతివి. ఒక ఫోటాన్ తగిలితే ఒక ఆమ్లపు అణువు పుడుతుంది, వేడి చేసినప్పుడు అది అటూ ఇటూ తిరిగి చాలా చోట్ల రసాయనం మారుస్తుంది. ఫోటాన్ తక్కువైనా పని ఎక్కువ. కానీ ఆ ఆమ్లం ఎక్కువ దూరం తిరిగితే గీత ఊరిపోతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కాళహస్తిలో పాలతో ఆపినదాన్ని ఇక్కడ రసాయనంలో క్షారం కలిపి ఆపుతారు. ఎక్కువ కలిపితే గీత పదునుగా వస్తుంది, ఫోటాన్లు ఎక్కువ అడుగుతుంది. తక్కువ కలిపితే ఫోటాన్లు చాలుతాయి, గీత ఊరుతుంది. రెండూ ఒకేసారి దక్కవు.

అందుకని ఇప్పుడు లోహపు రెసిస్టులు వస్తున్నాయి. ఏ లోహమో ఊహించండి. ఎవరూ లేరా? తగరమే! ఈయూవీని బాగా మింగే మూలకాల్లో అది ఒకటి. అమెరికాలో ఒరెగాన్‌లో ఇన్‌ప్రియా అనే చిన్న కంపెనీ తగరం ఆక్సైడ్ రెసిస్టు చేసింది, జపాన్ కంపెనీ జేఎస్ఆర్ దాన్ని 2021లో కొనుక్కుంది. ల్యామ్ రీసెర్చ్ తడి లేకుండా ఆవిరి రూపంలో పూసే రెసిస్టు తెచ్చింది. కాబట్టి ఒకే యంత్రంలో తగరం మొదట్లో వెలుతురు ఇస్తుంది, మధ్యలో అద్దానికి పట్టి సతాయిస్తుంది, చివర్లో వేఫర్ మీద కూర్చుని అదే వెలుతురును పట్టుకుంటుంది.

ఇక హై ఎన్ఏ. దీని గురించి పేపర్లు చాలా రాశాయి కాబట్టి త్వరగా చెప్తాను. మొదటి తరం ఎన్ఏ 0.33, 13 నానోమీటర్ల గీత దాకా. కొత్త తరం 0.55, 8 నానోమీటర్ల దాకా. మొదటి యంత్రం 2023 డిసెంబరులో ఇంటెల్‌కు ఒరెగాన్‌లోని హిల్స్‌బరో వెళ్లింది. బరువు 150 టన్నులు, పెట్టెలు 250, ధర 35 కోట్ల యూరోలు. అద్దాలు పెద్దవయ్యేసరికి మాస్క్ మీద వెలుతురు మరీ వాలుగా పడి నీడలొచ్చాయి. దాంతో బొమ్మను ఒక వైపు నాలుగింతలు, రెండో వైపు ఎనిమిదింతలు కుదించాల్సి వచ్చింది. ఫలితంగా ఒక దెబ్బలో పడే విస్తీర్ణం సగమైపోయింది, 26 మిల్లీమీటర్లకు 33 ఉండేది 26కు 16.5 అయింది. పెద్ద చిప్పుకు రెండు ముక్కలు అతకాలి. ఇంటెల్ ముందు కొనుక్కుంది. టీఎస్ఎంసీ తన తర్వాతి తరాల్లో రెండింటికి ఇది అక్కర్లేదంది. దక్షిణ కొరియాలో ఎస్కే హైనిక్స్ 2025లో పెట్టుకుంది. నా అభిప్రాయం అడిగితే టీఎస్ఎంసీ లెక్కే నాకు సబబుగా ఉంది. పాత యంత్రంతో రెండు దెబ్బలు వేసినా గిట్టుబాటు అయినంతకాలం కొత్తది ఎందుకు?

ప్రశ్నలు అడగండి. టీ చల్లారినా పరవాలేదు.

(ఒక విద్యార్థి: సార్, చైనాకు ఈయూవీ అమ్మలేదు కదా, మరి హువావే 7 నానోమీటర్ల ఫోన్ ఎలా తెచ్చింది?)

మంచి ప్రశ్న నాయనా. 2019 నుంచి నెదర్లాండ్స్ ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వడం లేదు, ఒక్క ఈయూవీ యంత్రమూ చైనా వెళ్లలేదు. 2023లో హువావే మేట్ 60 ప్రోలో వచ్చిన చిప్పును చైనా కంపెనీ ఎస్ఎంఐసీ చేసింది, 193 యంత్రాలతో, నీళ్ల పద్ధతిలోనే. ఇందాక చెప్పిన నాలుగు అచ్చుల దారి. చేయడం కుదురుతుంది. టీఎస్ఎంసీ కూడా మొదటి 7 నానోమీటర్ల తరం అలాగే చేసింది. గిట్టుబాటు సంగతే వేరు. ప్రభుత్వం వెనకుంటే గిట్టుబాటు అడ్డు కాదు.

(ఒక అధ్యాపకురాలు: మన దేశంలో వచ్చే ఫ్యాబ్‌లకు ఈయూవీ కావాలా?)

అక్కర్లేదు మేడమ్. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా వాళ్లు తైవాన్ పీఎస్ఎంసీతో కలిసి కడుతున్నది 28 నానోమీటర్లు, ఆపైన. 2024 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది, 91,000 కోట్ల పెట్టుబడి. 28కి 193 యంత్రాలు చాలు. మొహాలీలో ప్రభుత్వ ల్యాబ్ 180 నానోమీటర్ల మీద పనిచేస్తుంది. ఇస్రో విక్రమ్ 3201 ప్రాసెసర్ అక్కడిదే. దాన్ని 2024 డిసెంబరు 30న మన శ్రీహరికోట నుంచి పోయిన పీఎస్ఎల్వీ సీ60లో పరీక్షించారు. రాకెట్‌కు 180 చాలు, ఇంకా మంచిది కూడా. రేడియేషన్‌కు, వేడికి పెద్ద గీతలే ఓర్చుకుంటాయి. కారుకు, మోటారుకు, ఫ్యానుకు కావలసిన చిప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. రేణిగుంట దగ్గర, శ్రీసిటీలో ఫోన్లు, టీవీలు బిగిస్తున్నారు కదా, ఒక టీవీ బోర్డు తీసి చూడండి. ఈయూవీ చిప్పు ఒకటి ఉంటే గొప్ప, తక్కిన ఇరవై ముప్పై పాత తరాలవే.

(అదే అధ్యాపకురాలు: అయితే మా పిల్లలు ఏం చదవాలి?)

యంత్రం చేయడానికి మనం పోటీపడక్కర్లేదు. కానీ ఆ మూసుకుపోయిన రంధ్రాన్ని ఎవరో ఒకరు వెతకాలి కదా. కొలిచే పని, ఫోటోల్లో లోపాలు పట్టే ప్రోగ్రాములు, మాస్క్ మీద బొమ్మను ముందే వంకరగా గీసి వేఫర్ మీద నిటారుగా పడేలా చేసే లెక్కలు, రెసిస్ట్ రసాయనం. వీటిలో మన దేశం వాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఈసీఈ వాళ్లే రావాలని లేదు. నాతో పనిచేసినవాళ్లలో కెమికల్ ఇంజనీర్లు, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు ఎక్కువ. సంభావ్యత బాగా రావాలమ్మా, అది చెప్పండి పిల్లలకు. ఇందాకటి వర్గమూలం లెక్క వస్తే సగం ఉద్యోగం వచ్చినట్టే.

(ఇంకో విద్యార్థిని: సార్, 13.5 కంటే ఇంకా చిన్న అలకు ఎందుకు వెళ్లకూడదు?)

వెళ్లాలని చూస్తున్నారు. 6.7 నానోమీటర్ల దగ్గర లాంథనం, బోరాన్ పొరలతో అద్దాలు చేయొచ్చు. తగరం బదులు గడోలినియం, టెర్బియం లాంటి లోహాల ప్లాస్మా కావాలి. కానీ అద్దం వెనక్కి పంపే అల పొడవుల పట్టీ మరీ ఇరుకు, పదకొండు అద్దాల తర్వాత మిగిలేది మరీ తక్కువ. పైగా ఫోటాన్ శక్తి రెట్టింపవుతుంది. ఇందాక చదరపు నానోమీటరుకు ఇరవై అన్నామే, అదే మోతాదుకు అక్కడ పదే. దానికంటే ఎన్ఏను 0.75 దాకా తీసుకెళ్లే సంగతి ఏఎస్ఎంఎల్ వాళ్లు మాట్లాడుతున్నారు. అద్దాలు ఇంకా పెద్దవవుతాయి, మాస్క్ మీద నీడలు ఇంకా పెరుగుతాయి. ఏది ముందు గిట్టుబాటు అవుతుందనేది అద్దాల వాళ్లను కాదు, మూలం దగ్గర వాట్లు లెక్కపెట్టేవాళ్లను అడగాలి.